పెద్ద కమాన్, పక్క తలుపు

గైడు ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లలకు నేను మొట్టమొదట చెప్పేది చరిత్ర గురించి కాదు, మరుగుదొడ్ల గురించి. పాతబస్తీలో ఏ సందు మలుపులో, ఏ హోటలు వెనక ఆడవాళ్ళు వెళ్ళగలిగిన చోటు ఉందో తెలియకపోతే, ఎంతమంది నవాబుల పేర్లు కంఠస్థం చేసినా దండగే. మీరు చార్మినార్ గురించి గొంతెత్తి అద్భుతంగా చెబుతూ ఉంటారు. ఎదురుగా నిలబడ్డ ఆవిడ కళ్ళు మాత్రం నాలుగు దిక్కులా వెతుకుతూ ఉంటాయి. ఆ సమయంలో ఆమెకు ఏ సుల్తానుతోనూ పనిలేదు.

నేను పురానాపూల్ దగ్గర పాలవాళ్ళ ఇంట్లో పుట్టాను. మా నాన్న బర్రెలను పెట్టుకుని చుట్టుపక్కల దేవిడీలకు, అంటే ఒకప్పటి జాగీర్దార్ల పెద్ద ఇళ్ళకు, పాలు పోసేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట ఆ ఇళ్ళకు వెళ్ళాను. పెద్దయ్యాక ఒక టూరిజం ఆఫీసులో గైడుగా చేరి, అవే ఇళ్ళను జనానికి చూపించి, అక్కడే రిటైరయ్యాను. నా ప్రమోషన్ల సంగతి అడగకండి. వచ్చినవి తక్కువ, రానివి ఎక్కువ. ఆ కథ మొదలుపెడితే మీకు నిద్రొస్తుంది, నాకు బీపీ వస్తుంది.

సొరంగం

మీరు ఎంత చదివి వచ్చినా జనం అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇక్కడ సొరంగం ఉందా?" చార్మినార్ దగ్గర అడుగుతారు, గోల్కొండలో అడుగుతారు, పురానాపూల్ వంతెన మీద మూసీ వైపు చూస్తూ కూడా అడుగుతారు. ఒకాయన జూపార్కుకు పోదామని బహదూర్‌పురాలో బస్సు దిగీదిగగానే అడిగాడు. ఈ ఊళ్ళో ప్రతి పాత ఇంటికీ ఒక సొరంగం ఉందని ఇంటివాళ్ళే చెబుతారు. ఎక్కడ మొదలవుతుందో చూపించమంటే మాత్రం, "మా తాతల కాలంలోనే మూసేశారు" అంటారు.

కొత్తలో నేను నిజాయితీగా "లేదండీ" అనేదాన్ని. వాళ్ళ ముఖాలు వాడిపోయేవి. నాకు పని నేర్పిన సీనియర్ గైడు ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"ఏందమ్మా సుగుణా, పొద్దుగాల పొద్దుగాల జనాల దిల్ ఖరాబ్ చేస్తవ్? ఉన్నదనకు, లేదనకు. 'లోపల మస్తు చీకటుంటది' అను. గంతే."

"గది అబద్ధం కాదా అన్నా?"

"చీకటుంటదనుట్ల అబద్ధమేమున్నది?"

ఈ సలహా మీకు ఇవ్వాలా వద్దా అని చాలాకాలం ఆలోచించాను. ఇస్తున్నాను. కాకపోతే ఆ తర్వాత "ఉందని జనం చెప్పుకుంటారు, నాకు మాత్రం ఎవరూ చూపించలేదు" అని కూడా కలపండి. అప్పుడు నిద్రా పడుతుంది, మళ్ళీ ఆదివారం జనమూ వస్తారు.

ముందు నడిచేవాడు

మా ఆఫీసు కొన్నాళ్ళు గోల్కొండ అవతలి రాతిగుట్టల్లో నడకలు కూడా పెట్టింది. పొద్దున్నే బయలుదేరి, బండల మధ్య కాలిబాటన గుట్ట ఎక్కి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. ఒకసారి దారిలో ఒకావిడ బూటు అడుగు ఊడిపోయింది. నేను వంగి, నా దుపట్టా అంచు చింపి దాన్ని కట్టి, లేచి చూసేసరికి మా గుంపు మాయం.

ఏమైందంటే, టోపీ పెట్టుకుని, చేతిలో కర్ర, మెడలో బైనాక్యులర్స్ వేసుకున్న ఒక పెద్దమనిషి అటుగా వెళ్ళాడు. ఆ వేషం చూసి మావాళ్ళందరూ ఆయన వెనకపడ్డారు. నేను కేకలేసుకుంటూ వెతగ్గా వెతగ్గా, పాడుబడ్డ రాళ్ళ క్వారీలో ఆయన తెచ్చుకున్న పులిహోర పంచుకు తింటూ దొరికారు.

"మీకు దారి తెలుసా సార్?" అని ఆయన్ని అడిగాను.

"నాకెక్కడ తెలుసమ్మా? నేను తప్పిపోయి తిరుగుతున్న. ఇంతమంది నా ఎనకొస్తుంటే దారి గిదేనేమో అనుకున్న."

ధీమాగా నడవడం ఒక విద్య, దారి తెలియడం ఇంకో విద్య. మా ఆఫీసు పెద్ద కుర్చీల్లో చాలామందికి మొదటి విద్యతోనే బండి నడిచిపోయింది. మీరు గైడు అయితే మాత్రం మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడండి. ముందు ఏముందో గుట్ట ఎలాగూ చూపిస్తుంది. వెనక ఎవరు మిగిలారో చూసుకోవలసింది మీరే.

చిక్ వెనక ఖాలా

ఇక అసలు సంగతికి వస్తాను. మొఘల్‌పురాలో ఒక దేవిడీ ఉంది. ఇంటివాళ్ళు ఇంకా అందులోనే కాపురం ఉన్నారు కాబట్టి దాని పేరు చెప్పను. మా ఆదివారం నడక పురానాపూల్‌లో మొదలై చార్మినార్ మీదుగా వెళ్ళి ఆ ఇంట్లో ముగిసేది. వీధి వైపు పెద్ద కమాన్, అంటే వంపు తిరిగిన ఎత్తయిన ద్వారం. దాని నిండా గచ్చుతో చేసిన తీగలు, పండ్లు, పైన ఒకదానికొకటి ఎదురుగా రెండు చిలుకలు. ఒక చిలుకకు ముక్కు విరిగిపోయింది. ఆ కమాన్ కిందినుంచి లోపలికి వెళితే పెద్ద ఆంగన్, అంటే ఇంటి లోపలి వాకిలి, వేపచెట్టు, ఎదురుగా వరండా.

ఆ ఇంటి పెద్దావిడను అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. ఇంటి వ్యవహారాలు ఆమె బావగారి కొడుకు ఇంతియాజ్ చూసేవాడు. బయటివాళ్ళు వచ్చినప్పుడు ఖాలా వరండాలో చిక్ వెనక, అంటే వెదురు పుల్లల తెర వెనక, కూర్చునేది. ఆమె మాకు కనిపించదు. మేం ఆమెకు శుభ్రంగా కనిపిస్తాం.

జనాన్ని పంపించాక నేను చిక్ వెనక్కి వెళ్ళి ఆమెతో చాయ్ తాగేదాన్ని. మా ఇద్దరి మాటలూ సగం ఉర్దూ, సగం తెలుగు. మీ కోసం ఇక్కడ తెలుగు ఎక్కువ చేశాను.

"గా లాల్ షర్ట్ ఆయనకు, ఆయన బీవీకి పొద్దుగాల్నే లొల్లయ్యింది," అనేది ఖాలా సాసర్లో చాయ్ పోసుకుంటూ. "ఆమె ఫొటో దిగుతుంటే ఆయన చెట్టును చూస్తుండు. గా లావుగున్నామె మంచిది. నా కుండీకి కాలు తగిల్తే పాపం కుండీకే సలాం చేసింది."

మేం ఆ ఇల్లు చూడ్డానికి వెళ్తున్నామని అనుకునేవాళ్ళం. ప్రతి ఆదివారం మమ్మల్ని చూడ్డానికి ఆమె అత్తరు పూసుకుని సిద్ధంగా కూర్చునేది. ఏ వారమైనా వాన పడి నడక రద్దయితే మర్నాడు నాకు ఫోన్ చేసి తిట్టేది.

నా ఉద్యోగం ఇక అయిపోవస్తుందనగా ఇంతియాజ్ ఆ ఆంగన్‌ను ఫంక్షన్ హాల్‌కు ఇవ్వాలనుకున్నాడు. అతను చెడ్డవాడు కాడు. ఇంటి కప్పు కురుస్తోంది, గోడలు ఉబ్బుతున్నాయి, మా పొగడ్తలతో అవి బాగుపడవు. కాకపోతే క్యాటరింగ్ బండ్లు, జనరేటర్ బండి లోపలికి రావాలంటే కమాన్ ఇరుకు. అందుకని కమాన్ పడగొట్టి షట్టర్ పెడదామన్నాడు. ఇల్లు ఖాలా పేరు మీద ఉంది. ఆమె ఊఁ అంటే కమాన్ పోతుంది, ఉఁహూఁ అంటే నిలుస్తుంది.

నేను పరుగున వెళ్ళాను. కమాన్ ఎప్పటిది, ఆ గచ్చుపని ఇప్పుడు చేసేవాళ్ళు ఎంత అరుదు, అన్నీ ఏకరువు పెట్టాను. ఖాలా చింతపండు గింజలు తీస్తూ విన్నది.

"అయ్యిందా? చాయ్ చల్లగైతుంది," అంది. "దర్వాజా దర్వాజనే. ఒకటి పోతే ఇంకోటి పెడ్తరు. నీకేందే గంత ఫికర్?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఊరంతా వచ్చి నోరు తెరుచుకుని చూసే కమాన్ గురించి ఇంటి యజమానురాలు అలా మాట్లాడుతుందని నేను అనుకోలేదు.

సారు తిన్న పాన్లు

ఆఫీసులో చెబితే మా కొత్త బాసు ప్రభాకర్ సార్ తానే వస్తానన్నాడు. వేరే జిల్లా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. మంచివాడే, కానీ ఏ సమస్యకైనా శాలువా కప్పితే చాలని నమ్మే రకం. నన్ను వెంటబెట్టుకుని శాలువాతో దిగాడు. తీరా చూస్తే ఖాలా చిక్ వెనక ఉంది. తెర వెనక ఉన్న మనిషికి శాలువా ఎలా కప్పుతాం? సారు అటూ ఇటూ చూసి, ఎదురుగా కనిపించిన ఇంతియాజ్‌కు కప్పేశాడు. కమాన్ కూలగొడతానన్నవాడికి కమాన్‌ను కాపాడినందుకు సన్మానం జరిగిపోయింది. ఇంతియాజ్ ఉక్కపోతలో ఆ శాలువాతో బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

సారు ఉపన్యాసం మొదలుపెట్టాడు. అది ఎంతకీ తెగకపోయేసరికి లోపలినుంచి వెండి తట్టలో పాన్లు వచ్చాయి. ఇక్కడ మీరొకటి తెలుసుకోవాలి. ఈ ఇళ్ళలో వచ్చినవాళ్ళను లేవమని ఎవరూ నోటితో అనరు. పాన్ వచ్చిందంటే ఇక సెలవు తీసుకోమని అర్థం. పాన్ అందుకుని, సలాం చేసి, లేవాలి.

"అబ్బా, ఎంత మర్యాద!" అంటూ సారు పాన్ నోట్లో వేసుకుని కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలాడు.

కాసేపటికి రెండో తట్ట వచ్చింది. అదీ తిన్నాడు. నేను దగ్గాను.

"సుగుణగారూ, పాన్‌లో లవంగం ఉంది, దగ్గుకు మంచిది. మీరూ తీసుకోండి."

కళ్ళతో గుమ్మం వైపు సైగ చేశాను. "ఏంటండీ, కంట్లో నలక పడిందా?" అన్నాడు. మళ్ళీ తట్ట వచ్చింది. ఈసారి వెంట అత్తరు సీసా కూడా వచ్చింది. సారు రెండు చేతులూ చాపి అత్తరు పూయించుకుని, తన చిన్ననాటి సంగతులు ఎత్తుకున్నాడు.

చిక్ వెనకనుంచి ఖాలా గొంతు ఉర్దూలో వినిపించింది. "సుగుణా, నీ సాబ్‌కు ఇంట్ల అన్నం పెట్టరా ఏంది? ఎన్ని పాన్లు తింటే లేస్తడే?"

"మేడమ్ ఏమంటున్నారు?" అన్నాడు సారు.

"మీరు మాట్లాడుతుంటే పొద్దు తెలవట్లేదంటున్నారు సార్."

"అయితే వచ్చేవారం ఫొటోగ్రాఫర్‌తో వస్తానని చెప్పండి!"

ఎర్రటి పెదవులతో ఆయన జీపెక్కి వెళ్ళిపోయాక నేను లోపలికి వెళ్ళాను. ఖాలా ముఖం కందగడ్డలా ఉంది.

"గిసొంటోళ్ళు రాకుండ ఉండాలంటే కమాన్ పోవుడే మంచిగ," అంది. "ఇంతియాజ్‌కు చెప్పిన. వచ్చే ఇత్వార్ మిస్త్రీ వస్తుండు." ఇత్వార్ అంటే ఆదివారం, మా నడక రోజే.

ఏం చిలుకలు?

నేను చివరిసారి బతిమాలాను. "కనీసం గా చిలుకల మొహం చూసన్న ఆగు ఖాలా. ముక్కు విరిగినా ఎంత సక్కగ చూస్తుంటయ్!"

"ఏం చిలుకలు?" అంది ఖాలా.

నవ్వులాటకు అంటోందనుకున్నాను. కాదు. నిజంగానే అడుగుతోంది.

"కమాన్ మీద. బయటి దిక్కు."

"నేనెప్పుడు చూసిన బయటి దిక్కు? పెండ్లయి వచ్చిననాడు కార్‌కు సుట్టూత పర్దా. దిగింది ఆంగన్ల. పెద్ద కమాన్ మొగోళ్ళది. మేం ఎటు పోవాలన్నా పక్క తలుపు."

ఆ పక్క తలుపు నాకు బాగా తెలుసు. వంటింటి అవతల, పక్క గల్లీలోకి తెరుచుకునే పొట్టి తలుపు. ఆడవాళ్ళు, పాలవాళ్ళు, చాకలివాళ్ళు అందులోంచే వచ్చేవాళ్ళు. మా నాన్న పాల క్యాన్ దించి గొలుసు తట్టేది ఆ తలుపుకే. ఇప్పుడు ఖాలాను ఆపేవాళ్ళెవరూ లేరు. డాక్టరు దగ్గరికి వెళ్ళినా, చుట్టాల ఇంటికి వెళ్ళినా ఆమె కాళ్ళు ఇంకా అటే పోతాయి. లోపలినుంచి కమాన్ వెనకభాగం వట్టి సున్నం గోడ. ఇన్నేళ్ళుగా ఆమె చూసింది అదే. దాన్ని పడగొడతామంటే ఎవరికి మాత్రం బాధ ఉంటుంది?

నేనన్నాను, "ఇత్వార్ నా గ్రూపుల రా ఖాలా."

"నేనా? నా ఇల్లు చూస్తానికా?" ఖాలా విరగబడి నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించింది. "ఇంతియాజ్‌కు చెప్పకు."

కొత్త టూరిస్టు

ఆదివారం ఆమె పక్క తలుపులోంచి బయటపడి ఆటోలో చార్మినార్ దగ్గరికి వచ్చి మా గుంపులో కలిసింది. నల్ల బురఖా, నఖాబ్, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నా వృత్తిజీవితంలో అంత పెంకి టూరిస్టును చూడలేదు. గాజుల కొట్టు దగ్గర అందర్నీ ఆపింది. ఏమీ కొనకుండానే దుకాణదారుతో దెబ్బలాడింది. నేను ఏదైనా చెబుతుంటే పక్కవాళ్ళతో "గీమెకు అన్ని తెలుసనుకుంటది" అని గుసగుసలాడింది. గుంపులోని ఆడవాళ్ళకు ఆమె తెగ నచ్చేసింది. ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని నడిపించింది.

మొఘల్‌పురా సందు తిరిగి కమాన్ ముందుకు చేరాం.

"ఓ గైడమ్మా," అంది ఖాలా అందరికీ వినబడేలా. "ఈ ఇంటి బేగం మస్తు అందగత్తె అంటగద?"

"అవునమ్మా. నోరు మాత్రం ఊరంత."

అందరూ నవ్వారు. ఖాలా కూడా నవ్వి, తల పైకెత్తింది.

నేను చెప్పవలసినవేవీ చెప్పలేదు. ఆమె తీగల మీదుగా చూపు నడిపించుకుంటూ పండ్ల దగ్గర ఆగి, చిలుకల దాకా వెళ్ళింది. నఖాబ్ అడ్డమొస్తోందేమో, రెండు చేతులతో పైకి ఎత్తేసింది. నడివీధిలో, పట్టపగలు, అంతమంది ముందు ఖాలా ముఖం చూడ్డం నాకు అదే మొదటిసారి.

అప్పుడే ఇంతియాజ్ టేపు పట్టుకున్న మిస్త్రీతో కమాన్ కిందినుంచి బయటికి వచ్చి, చప్పున ఆగిపోయాడు.

"చాచీ? మీరిక్కడ?"

"ఇంతియాజ్, గిది మనదేనా?"

"మనదే చాచీ."

"మరి నాకెవరు చెప్పలేదేందిరా?"

అతను తల వంచుకున్నాడు. చెప్పడానికి ఏముంది? ఇంట్లోవాళ్ళకు ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలని ఎవరికీ తోచదు. ఎంతోమందిని ఆ కమాన్ ముందు నిలబెట్టిన నాకూ తోచలేదు.

ఖాలా మిస్త్రీ వైపు తిరిగింది. "బండ్లు వచ్చే తొవ్వ కావాలె, గంతేగద?"

"అవునమ్మా."

"పక్క గల్లీ మొన్ననే ఎడల్పు చేసిండ్రు. వంటింటి పక్కన పొట్టి తలుపున్నది. గోడతోని సహా అది తీసెయ్. దీన్ని ముట్టకు."

ఇంతియాజ్ ఒక్క క్షణం ఆలోచించి, మిస్త్రీ ముఖం చూశాడు. మిస్త్రీ తలూపాడు. ఇంటి ముందువైపు ఇదే కాబట్టి అందరూ దీన్నే కొలుస్తున్నారు, అంతే. మా గుంపు చప్పట్లు కొట్టింది. నేను మాత్రం కొట్టలేకపోయాను.

"ఖాలా, గా తలుపు..." అన్నాను.

"ఏమైందే?"

"మా బాపు పాలు తెచ్చిన తలుపు గద."

"ఎరుకే," అంది ఖాలా మెల్లగా. "నీకది బాపు తలుపు. నువ్వు ఉద్యోగమొచ్చినంక టక్కుటక్కుమని పెద్ద కమాన్ నుంచే వస్తున్నవ్. ఇంకా గా పొట్టి తలుపుల తల వంచుతున్నది నేనే."

గైడుగా నేను చెప్పగలిగింది ఇదే: మీరు చూపించండి, చూసినవాళ్ళు మీకిష్టమైనదాన్నే నిలబెడతారని మాత్రం ఆశపడకండి. చూసిన తర్వాత నిర్ణయం వాళ్ళది.

ఆ తలుపు తీసేసిన రోజు నేను వెళ్ళాను. గొలుసుతో సహా చెక్కను గోడకు ఆనించి పెట్టారు. ఇన్నేళ్ళూ ఎవరికీ కనబడకుండా పనిచేసిన ఆ తలుపు ఎండలో చాలా చిన్నదిగా అనిపించింది. నేను గొలుసు పట్టుకుని ఏడ్చాను. సిగ్గేమీ లేదు, మా నాన్న చెయ్యి తగిలిన ఇనుము అది. ఖాలా నా పక్కన నిలబడి, నా ఏడుపు తీరేదాకా ఆగింది.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటూ బురఖా వేసుకుని నా భుజం పట్టుకుంది. ఆటో వీధిలో ఆగి ఉంది. ఇద్దరం ఆంగన్ దాటి పెద్ద కమాన్ కిందికి వచ్చాం. ఎదురుగా కిరాణా కొట్టు దగ్గర నలుగురు మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. అలవాటు కొద్దీ నేను ఆమెను త్వరగా ఆటో ఎక్కిద్దామని అడుగులు వేగంగా వేశాను. ఖాలా నా భుజం గట్టిగా నొక్కి ఆపింది.

"మెల్లగ నడువ్," అంది. "చూడనీ అందర్ని."